పచ్చలైటు చెప్పిన అబద్ధం

మా ఊరికి రైలు లేదు. నందికొట్కూరు వాళ్ళు రైలెక్కాలంటే ముందు బస్సెక్కి కర్నూలు పోవాలి. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు గానీ మా అత్తకు మాత్రం ఇది ఇంటి పరువుకు సంబంధించిన సంగతి. కారణం ఆమె అక్క. మా పెద్దత్త ఉండేది కోయిలకుంట్లలో. కొన్నేళ్ళ కింద కోయిలకుంట్లకు రైలొచ్చింది. అప్పటినుంచి పెద్దత్త మాకు ఫోన్ చేసేది బండి వచ్చే వేళ చూసుకునే. మాటల మధ్యలో ఫోనును కిటికీ బయటికి పెట్టి, "ఇదో, మా బండి కూత ఇనపడతాందా" అని అడుగుతుంది. మా అత్త వినపడలేదంటుంది. ఫోన్ పెట్టేశాక ఆ పూట ఇంట్లో గిన్నెలు కాస్త గట్టిగా చప్పుడు చేస్తాయి.

నిజానికి మా ఊళ్ళోనూ ఒక రైలుంది. అది మా మిద్దె మీద తిరుగుతుంది, దాని యజమానిని నేను.

నవ్వేవాళ్ళు నవ్వచ్చు, నాకు అలవాటే. నేను హైస్కూల్లో సైన్సు చెప్పే టీచరును, వయసు నలభై దాటింది. మా పుట్టిల్లు కర్నూల్లో రైలు గేటు పక్కన. గేటు పడితే మా నాన్న విసుక్కునేవాడు, నేను గంతులేసేదాన్ని. పెళ్ళయి ఈ ఊరికొచ్చాక చెవులకు ఏదో తక్కువైనట్టు ఉండేది. నా కూతురు చిన్నప్పుడు దానికోసమని ఒక పెద్ద బొమ్మ రైలు కొన్నాను. అది నాలుగు రోజులు ఆడుకుని వదిలేసింది. నేను వదల్లేదు. ఇప్పుడు అది హాస్టల్లో ఉండి చదువుకుంటోంది, నేను ఇంట్లో ఉండి రైలు నడుపుతున్నాను.

మిద్దె మీద, పిట్టగోడ వెంబడి, ఇల్లు కట్టినప్పుడు మిగిలిన నాపబండల ముక్కలు పరిచి వాటి మీద పట్టాలు వేశాను. మెట్ల గది దగ్గర మొదలై, నీళ్ళ ట్యాంకు చుట్టూ తిరిగి మళ్ళీ మెట్ల గదికి వస్తాయి. ఇంజను మూరెడు పొడవుంటుంది. పట్టాల గుండా కరెంటు పంపే రకం మా ఎండకూ దుమ్ముకూ నిలవదు, ఒక్క గాలి వీచిందంటే పట్టాల మీద ఎర్రమట్టి పేరుకుని ఇంజను నత్తి పట్టినట్టు ఆగి ఆగి పోతుంది. అందుకని ఇంజను కడుపు ఖాళీ చేసి లోపల రెండు లిథియం సెల్లులు కూర్చోబెట్టాను. మోటారు, సెల్లులు, రిమోటు బోర్డు అన్నీ లోపలే. దుమ్ము దూరకుండా అతుకులన్నీ గమ్ముతో మూసేశాను. ఆ పని చేసిన వారం నేను స్కూల్లో ఎవరితో మాట్లాడినా రైలు గురించే మాట్లాడానని తోటి టీచర్లు ఇప్పటికీ ఏడిపిస్తారు.

ఛార్జింగ్ పెట్టే ఏర్పాటు మాత్రం నేను గర్వంగా చెప్పుకునేది. మెట్ల గదిలో చెక్కపెట్టెతో షెడ్డు కట్టాను. ఇంజను అడుగున రెండు ఇత్తడి రేకులు, షెడ్డు నేలలో రెండు స్ప్రింగు ముక్కలు. ఇంజను వెనక్కి వచ్చి షెడ్డులో నిలబడగానే రేకులు స్ప్రింగుల మీద కూర్చుంటాయి, ఛార్జరు మీద ఎర్రలైటు వెలుగుతుంది. కడుపు నిండాక పచ్చలైటు వస్తుంది. వైరు గుచ్చే పని లేదు, పీకే పని లేదు. మొదటిసారి ఆ ఎర్రలైటు దానంతటది వెలిగినప్పుడు మా ఆయన్ను కిందినుంచి పిలిచి చూపించాను. డ్రిప్పు పైపుల కొట్టు మూసి అప్పుడే అన్నానికి కూర్చోబోతున్న మనిషి, పైకొచ్చి చూసి, "బాగుండాది, అన్నం తినొచ్చా" అని దిగిపోయాడు.

మా అత్తకు ఈ రైలంటే పడదని నేను అనుకునేదాన్ని. అలా అనుకోవడానికి కారణాలు చాలానే ఉన్నాయి. మిద్దె ఆమెది. ఎండాకాలం వడియాలు, మిరపకాయలు, ఆ తర్వాత చింతపండు, దసరా దాటితే బుడ్డలు. వేరుశెనగను మేం బుడ్డలంటాం. చేన్లో పీకిన బుడ్డలు మిద్దె మీద ఆరితేనే ఆమెకు తృప్తి. వాకిట్లో పోస్తే కోళ్ళు, పెరట్లో పోస్తే ఉడతలు. నా పట్టాలు వచ్చినప్పటినుంచి బుడ్డలు మిద్దెకు ఒక మూలన ముడుచుకుని ఆరవలసి వచ్చింది. "మనుషులు తినేదానికి జాగా లేదు, ఈమె బొమ్మకు ఊరంత జాగా" అని ఆమె రోజుకొకసారి గోడకు చెబుతుంది. గోడ తరఫున నేను జవాబు చెబుతాను. నాకు ముక్కు మీద కోపం, ఆమెకు నాలుక చివర. మా ఆయన ఇద్దరికీ 'ఊ' కొడుతూ కాలం గడిపేస్తాడు.

పోయిన దసరాకు ముందు కూడా మేం గట్టిగానే పోట్లాడుకున్నాం. మా ఇంట్లో ఆయుధపూజ అంటే మాటలు కాదు. మా ఆయన టెంపో, స్కూటర్లు, బోరు మోటారు, కొడవళ్ళు, మిక్సీ, కుట్టుమిషను, ఏదీ తప్పించుకోదు. అన్నిటికీ పసుపు, కుంకుమ, పూలు. అంతకు ముందేడు మా అత్త నా సోల్డరింగ్ కడ్డీకి కూడా బొట్టు పెట్టింది. తర్వాత నేను చూసుకోకుండా ప్లగ్గులో పెడితే ఇల్లంతా కాలిన కంపు. అందుకని ఈసారి ముందే చెప్పేశాను.

"అత్తా, నా ఇంజను మీద చిటికెడు కుంకుమ పడినా నేను ఊరుకోను."

"నీ ఇంజను ఎవురికి గావల్ల" అంది ఆమె.

ఇంజనును పాత చీరలో చుట్టి బీరువా మీద పెట్టి, పండక్కి కర్నూలు పుట్టింటికి పోయాను. తిరిగొచ్చి చూస్తే పెట్టింది పెట్టినట్టే ఉంది. చీర మడత కూడా చెదరలేదు. నా మాటకు ఇంట్లో విలువ పెరిగిందని కాస్త పొంగిపోయాను.

తంటా అక్కడినుంచే మొదలైంది.

ఇంజను షెడ్డులో పెట్టాను. ఎర్రలైటు వచ్చింది. చీర మార్చుకుని వచ్చేలోపు పచ్చలైటు. పండక్కి ముందు ఉన్న ఛార్జింగే మిగిలుందేమో అనుకుని పట్టాల మీద వదిలాను. ట్యాంకు దగ్గరికి పోయి ఆగిపోయింది. మళ్ళీ షెడ్డు, మళ్ళీ కాసేపటికే పచ్చలైటు, మళ్ళీ ట్యాంకు దగ్గర మొరాయింపు. అన్నం తినని పిల్ల మూతి తుడుచుకుని వచ్చి తినేశానన్నట్టు ఉంది దాని వరస.

సరిగ్గా అప్పుడే మా అత్త ఒక ఘనకార్యం చేసింది. ఏటా కార్తీకంలో అక్కాచెల్లెళ్ళందరూ ఒకరింట్లో కలిసి భోజనం చేస్తారు. ఈసారి మా ఇల్లు. పెద్దత్త ఫోనులో ఎప్పటిలాగే బండి కూత వినిపించి, "రైలు లేని ఊరికి రావల్లంటే ఒళ్ళు పులిసిపోతాది" అన్నదట. ఈమెకు ఎక్కడ కాలిందో ఏమో, "మా ఊర్లో రైలు ఇంటికే వస్తాది, నీ ఆకులోకి భక్షం అదే తెచ్చి పెడ్తాది, వచ్చి సూడు" అనేసింది. భక్షాలంటే బొబ్బట్లే. మా అత్త చేసే భక్షాలకు చుట్టాల్లో పేరుంది. వాటిని నా రైలు మోసుకుపోయి వరసలో కూర్చున్న వాళ్ళకు అందించాలన్నమాట.

నేను వంటింట్లో నిలబడి ఈ మాట వింటున్నాను. ఒక పక్క ఆనందం. ఇంకో పక్క ట్యాంకు దగ్గర మొరాయించే ఇంజను.

"అత్తా, ఇంజను సరిగ్గా ఛార్జింగ్ ఎక్కడం లేదు."

ఆమె ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగింది. "ఎక్కియ్యి. మాట ఇచ్చేసినా. మా అక్క ముందర నా పరువు పాయనంటే, నీ పట్టాలు నేనే పీకిస్తా. ఆ దినం రైలు ఒక్కసారి నిలబడిందా, బుడ్డలు మిద్దెక్కుతాయి, రైలు దిగిపోతాది."

ఆమె మాట అంటే మాటే. ఒకసారి మా మామ చుట్ట మానకపోతే మంచం బయట వేయిస్తానంది. వేయించింది. ఆయన పోయేవరకూ మంచం వరండాలోనే ఉంది.

ఇక మొదలైంది నా పరుగు. ముందు ఛార్జరును అనుమానించాను. మల్టీమీటరు పెట్టి చూస్తే ఎనిమిది పాయింటు నాలుగు వోల్టులు, ఉండాల్సినంత ఉంది. అయినా నమ్మకం కుదరక కొత్త ఛార్జరు తెప్పించాను. అది కూడా కాసేపటికే పచ్చలైటు వెలిగించింది. తర్వాత ఎండ మీద పడ్డాను. మా మెట్ల గది పైకప్పు రేకులది, మధ్యాహ్నం పూట లోపల చెయ్యి పెడితే చురుక్కుమంటుంది. వేడెక్కితే లిథియం సెల్లులు ఛార్జింగ్ తీసుకోవు. కాబట్టి ఇంజనును, ఛార్జరును, స్ప్రింగులున్న చెక్కతో సహా కిందికి తెచ్చి నీళ్ళకుండ పక్కన నీడలో పెట్టాను. మా అత్త కుండలో నీళ్ళు ముంచుకుంటూ, "దానికి ఇసనకర్ర గూడా తెచ్చి ఇసురు" అంది. విసరలేదు గానీ ఫ్యాను వేశాను. లాభం లేదు.

ఇత్తడి రేకుల మీద దుమ్ము పట్టిందేమోనని రబ్బరుతో రుద్దాను. పెళ్ళిలో పెట్టే చెంబుల్లా మెరిశాయి. స్ప్రింగులను కూడా రుద్దాను. పచ్చలైటు యథాప్రకారం వచ్చేసింది. ఇక మిగిలింది సెల్లులే. అవి చచ్చిపోయి ఉంటాయి, కొత్తవి తెప్పించాలి, కానీ అవి వచ్చేలోపు కార్తీక భోజనం అయిపోతుంది. మా ఆయనతో నా గోడు వెళ్ళబోసుకుంటే, "నాకు సిగ్నల్ లేదు, నేను అడ్డం రాను" అని పేపరు తిప్పాడు.

భోజనాల రోజు వచ్చింది. ఆదివారం. తెల్లవారకముందే మా అత్త పొయ్యి ముందు కూర్చుంది. ఉడికిన శనగపప్పు, బెల్లం, యాలకుల వాసన మెట్ల మీదుగా పైదాకా వచ్చింది. నేను పూర్ణం ఉండలు చుట్టాల్సిన మనిషిని, మెట్ల గదిలో బ్లేడు పట్టుకుని కూర్చున్నాను. నాకు చివరికి తట్టిన ఆలోచన ఒకటే. సెల్లులు చచ్చాయో లేదో తేలాలంటే వాటి దగ్గరే వోల్టులు కొలవాలి. కొలవాలంటే ఇంజను కడుపు కోయాలి. ఇన్ని రోజులూ ఆ పని చేయలేదు. కోస్తే సన్న వైర్లు తెగుతాయని, ఉన్నది కూడా పోతుందని భయం. ఇప్పుడు పోవడానికి ఏముంది అనుకుని, గమ్ము అతుకుల వెంబడి బ్లేడు దించాను.

ఛార్జింగ్ పెట్టి మీటరు ముళ్ళు సెల్లుల దగ్గర ఆనించాను. ఛార్జరు మూతి దగ్గర ఎనిమిది పైన ఉన్న వోల్టులు సెల్లుల దగ్గరికి వచ్చేసరికి ఏడు. దారిలో మాయం. నేను నిజంగానే లేచి నిలబడ్డాను. ఇంతసేపూ దొంగ ఇంట్లోనే ఉంటే నేను వీధులన్నీ వెతికాను.

పచ్చలైటు సంగతి కూడా ఒక్కసారిగా అర్థమైంది. సెల్లుకు ఆకలిగా ఉన్నప్పుడు కరెంటును గటగట తాగుతుంది. నిండేకొద్దీ తాగడం తగ్గిస్తుంది. బాగా తగ్గిందంటే ఛార్జరు ఇక చాలనుకుని పచ్చలైటు వెలిగిస్తుంది. దారిలో అడ్డముంటే కూడా కరెంటు తగ్గే పోతుంది. కడుపు నిండి వద్దంటోందా, గొంతులో ఏదో అడ్డం పడి మింగలేకపోతోందా అనేది పాపం ఛార్జరుకు తెలియదు. సెల్లులు బంగారంలా ఉన్నాయి. వాటికి తిండి చేరడం లేదు, అంతే.

అడ్డం ఎక్కడుంది? రేకుల ముఖం నేను తోమాను. రేకు వీపు చూడలేదు. వీపు మీద మరతో బిగించిన వైరు కొస ఉంటుంది. స్క్రూ విప్పాను. లోపల పాచిలాంటి ఆకుపచ్చ చిలుము, దాని చుట్టూ ఎండిన ఎర్రటి ముద్ద. వేలితో గీకి చూస్తే కుంకుమ. రెండో రేకు విప్పాను. అక్కడా అంతే. పళ్ళచక్రం పక్కన సందులో తెల్లగా ఏదో ఇరుక్కుని ఉంది. పిన్నుతో లాగితే బయటికొచ్చి అరచేతిలో పడింది. ఎండిపోయిన నిమ్మగింజ.

నేను కేక పెట్టలేదు. మామూలుగానే పిలిచానని నా నమ్మకం. మా అత్త మాత్రం పొయ్యి మీద పెనం వదిలేసి మెట్లెక్కి వచ్చింది.

"అత్తా, ఇదేమి?"

కొంగుతో చేతులు తుడుచుకుంటూ వంగి చూసింది. "నిమ్మగింజ."

"అది నాకూ తెలుసు. ఇంజను కడుపులోకి ఎట్లా పోయింది?"

ఆమె తలుపు వైపు చూసింది, రేకుల కప్పు వైపు చూసింది, చివరికి నా వైపు చూసింది.

"బండికి నిమ్మకాయ తొక్కియ్యకుండా పెడ్తారా ఎవురన్నా? యాడాదంతా తిరిగే బండి అది."

"నేను వద్దని చెప్పినా గదా."

"నువ్వు వద్దన్న్యావు. దానికి చక్రాలుండాయి గదా. చక్రాలుండేదాన్ని ఒక్కదాన్ని ఇడ్సిపెట్టి, మిగతావన్నిటికీ చేస్తే దానికి దిష్టి తగలదా? నువ్వు పుట్టింటికి పోయినాక దించినా. నాలుగు చక్రాల కిందా కుంకుమ పూసిన నిమ్మకాయలు నాలుగు పెట్టినా. అది మరీ తేలిక ముండ, ఎక్కనే ఎక్కల్యా. నిమ్మకాయలు పక్కకు దొర్లిపాయ. అందుకని నేనే రెండు చేతుల్తో అదిమినా. రసం చిమ్మె. నీకు తెలిస్తే ఎగురుతావని తడిగుడ్డతో తుడ్సి, చీరలో ఎట్లుండేది అట్లే చుట్టి పెట్టినా."

టెంపో అయితే నిమ్మకాయను తొక్కి ముందుకు పోతుంది, రసం రోడ్డు మీద పడుతుంది. నా ఇంజను తొక్కలేదు. ఆమె దాన్ని నిమ్మకాయల మీద పెట్టి నలిపింది. చక్రాల సందుల్లోంచి రసమంతా కడుపులోకి పోయింది, కుంకుమ వెంటపోయింది, తడిగుడ్డ నీళ్ళు మిగతా పని చేశాయి. ఇత్తడికి పులుపు తగిలితే చిలుము పడుతుందని నేను ఏటా పిల్లలకు పాఠం చెబుతాను.

కోపం వచ్చింది. గొంతుదాకా వచ్చింది. అప్పుడు నాకు బీరువా గుర్తొచ్చింది. మోకాళ్ళ నొప్పులని పక్కింటి పేరంటానికి కూడా పోని మనిషి, నేను లేని సమయం చూసి, స్టూలెక్కి, ఆ ఎత్తు బీరువా మీదినుంచి ఇంజనును దించింది. పట్టాలు పీకిస్తానని రోజూ గోడకు చెప్పే మనిషి దానికి దిష్టి తగలకూడదని నాలుగు చక్రాలకూ నాలుగు నిమ్మకాయలు ఏరి పెట్టింది. మళ్ళీ స్టూలెక్కి పైన పెట్టింది. కోపం ఎటుపోయిందో తెలియదు. నవ్వొచ్చింది, ఆ నవ్వులో కళ్ళు తడిశాయి. ఆమె మీద అంత ప్రేమ నాకు అంతకు ముందెప్పుడూ కలగలేదు.

"నగుతాండావేమి? బాగయితాదా కాదా చెప్పు. మా అక్క ఆత్మకూరులో మా చెల్లెల్ని ఎక్కించుకుని బయల్దేరిందంట" అంది ఆమె. గొంతులో భయం. ఆ భయం చూసి నాకు పదిమంది బలం వచ్చింది.

వైరు కొసలు కత్తిరించి కొత్తగా ఒలిచాను. రేకుల వీపులు గరుకు కాగితంతో తోమి, స్పిరిటు దూదితో తుడిచాను. సోల్డరింగ్ కడ్డీ వేడెక్కేంతలో ఆమె కిందికి పోయి పెనం చూసుకుని మళ్ళీ వచ్చింది. వెండిరంగు చుక్క కరిగి వైరును పట్టుకోవడం ఇద్దరం వంగి చూశాం. స్క్రూలు బిగించి షెడ్డులో నిలబెట్టాను. ఎర్రలైటు వెలిగింది.

"ఇంగ పచ్చది రావల్ల గదా" అంది.

"రాకూడదత్తా. ఎర్రదే ఉండాల. ఎర్రగుండే కొద్దీ అది తాగుతున్నట్టు."

ఇద్దరం కింద కూర్చుని ఆ లైటునే చూశాం. ఇన్నాళ్ళూ చీర మార్చుకునేలోపు పచ్చబడేది, ఇప్పుడు ఎర్రగానే ఉంది. కింద భక్షం మాడిన వాసన వచ్చేదాకా ఎర్రగానే ఉంది. మీటరు పెట్టి చూస్తే సెల్లుల దగ్గర వోల్టులు నెమ్మదిగా ఎక్కుతున్నాయి. నాకు మెట్ల మీద గెంతాలనిపించింది. గెంతాను కూడా.

వచ్చిన చిక్కు ఒక్కటే, సెల్లులు పూర్తిగా నిండాలంటే మధ్యాహ్నం దాటాలి. చుట్టాలు అంతకన్నా చాలా ముందే దిగారు. పెద్దత్త గడపలో కాలు పెడుతూనే, "యాడమ్మా మీ ఊరి రైలు? టేసన్ కనపల్యా నాకు" అంది. మా అత్త మజ్జిగ ఇచ్చింది. ఊరి కబుర్లు అడిగింది. ఒకరి తర్వాత ఒకరి మోకాళ్ళ గురించి వివరంగా విచారించింది. నా కోసం ఆమె కాలం సాగదీస్తోందని నాకు మాత్రమే తెలుసు. చివరికి ఆకలి ముందు ఆ కబుర్లు నిలవలేదు. మిద్దె మీద పందిరి కింద ఆకులు వేశారు. పట్టాల వెంబడి వరసగా అందరూ కూర్చున్నారు. పెద్దత్త అందరికన్నా చివర, ట్యాంకు పక్కన నీడలో. లైటు ఇంకా ఎర్రగానే ఉంది.

ఇంజనును బయటికి తీసి వెనక రైలుపెట్టెలు తగిలించాను. ఒక్కో పెట్టె మీద అరిటాకు ముక్క, దాని మీద మడిచిన భక్షం. రిమోటు నొక్కాను.

కదిలింది. ఎంత బాగా కదిలిందో నేను చెప్పలేను. మొదటి ఆకు ముందు నెమ్మది చేశాను, చిన్నత్త చెయ్యి చాచి భక్షం తీసుకుని, "అబ్బ, వేడిగుండాదే" అంది. రెండో ఆకు, మూడో ఆకు. మా ఆయన ఫోను పట్టుకుని వీడియో తీస్తున్నాడు, సిగ్నల్ లేదన్న మనిషి. మా అత్త నెయ్యి గిన్నె పట్టుకుని రైలు వెనకే నడుస్తోంది, గార్డులాగా. నవ్వులు, కేకలు, పక్క మిద్దెల మీద జనం. నా గుండె కూత పెడుతోంది.

ట్యాంకు మలుపు దగ్గర చిన్న ఎత్తుంది. అక్కడ ఇంజను మూలిగింది. ముందులైటు మసకబారింది. రిమోటు గట్టిగా నొక్కాను. ఇంకో మూరెడు పోయింది. సరిగ్గా పెద్దత్త ఆకు ముందుకు వచ్చి ఆగిపోయింది. మళ్ళీ నొక్కాను. కదలలేదు.

 పెద్దత్త ఇంజను వైపు చూసి, మా అత్త వైపు చూసి, "నిలబడిపాయ గదే నీ రైలు" అంది.

నేను మా అత్త మొహం చూడలేక నా చేతిలో రిమోటును చూసుకున్నాను. బుడ్డలు మిద్దెక్కాయి, రైలు దిగిపోయింది అనుకున్నాను.

మా అత్త తొణకలేదు. నెయ్యి గిన్నెతో వంగి, పెట్టె మీది భక్షం తీసి అక్క ఆకులో వేసింది. "నిలబడక? టేసన్ వచ్చిండాది. రైలన్నాక టేసన్లో నిలబడకపోతే జనం ఎట్ల దిగుతారు? మీ కోయిలకుంట్లలో నిలబడదా ఏమి?"

ముందు నవ్వింది పెద్దత్తే. నవ్వుతూ నెయ్యి పోయించుకుని, తుంచి నోట్లో వేసుకుని, "ఇంగొకటి పంపీ" అంది. సరుకు నింపుకు రావాలని చెప్పి నేను ఇంజనును ఎత్తుకుని మెట్ల గదిలోకి పరుగెత్తాను. రెండో విడత భక్షాలు మనుషులే వడ్డించారు.

సాయంత్రం చుట్టాలు వెళ్ళాక మా ఆయన బుడ్డల మూటలు భుజాన వేసుకుని ఒక్కొక్కటే మిద్దె మీదికి చేరేస్తున్నాడు. వెనకాల మా అత్త చీపురుతో. నాకు అర్థమైంది. పరువు కాపాడటం వేరు, మాట వేరు. చుట్టాల ముందు ఆమె తన పని చేసింది, ఇక నా పని నేను చేయాలి. స్క్రూ డ్రైవరు తెచ్చి ట్యాంకు దగ్గర కూర్చుని మొదటి పట్టా మర విప్పబోయాను. 

"ఏమి చేస్తాండావు?"

"ఆగింది గదత్తా. నువ్వు చెప్పిన మాటే."

ఆమె ఒక మూట మూతి విప్పి, పట్టాల లోపలి జాగాలో, ఒక్క కాయ కూడా పట్టా దాటకుండా, చీపురుతో నెడుతూ బుడ్డలు పరిచింది. పని పూర్తయ్యేదాకా నా వైపు చూడలేదు.

"టేసన్ ఉండే జాగాలో పట్టాలు పీకుతారా యాడన్నా?" అంది నడుము మీద చెయ్యి పెట్టుకుని. "లెయ్. పోయి ఇంజనుకు ఛార్జింగ్ పెట్టుపో. ఎర్రలైటు వచ్చిందో లేదో చూసి చెప్పు."